మేష్టారి కాగితం

మేష్టారు పోయిన సంగతి నాకు నెలన్నర ఆలస్యంగా తెలిసింది. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఏదో పనుండి వెళ్లి, అలవాటుగా ఆయన సందులోకి తిరిగాను. షట్టరు దించి ఉంది. పక్కన జెరాక్సు షాపు గోడకి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది, ఎండకి సగం వెలిసిపోయి. అందులో ఆయన తెల్లచొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, ఎప్పట్లాగే నవ్వకుండా ఉన్నారు. ప్రభువు సన్నిధికి చేరారని కింద రాశారు. జెరాక్సు అతను నన్ను గుర్తుపట్టి, "నిద్దట్లోనే ఎల్లిపోనారండి. మీకు కబురందలేదేటి?" అన్నాడు. అందలేదన్నాను. నిజానికి కబురు పెట్టాల్సినంత దగ్గరవాణ్ణని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆయన నాకు చేసిన మేలు ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. అందరం మేష్టారనే పిలిచేవాళ్లం. ఏ బళ్లోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. రేడియోలు బాగుచేశారు, తర్వాత టేపురికార్డర్లు, తర్వాత టీవీలు. అవన్నీ జనం బాగుచేయించుకోవడం మానేశాక కంప్యూటర్లు పట్టుకున్నారు. ఇంగ్లీషు పెద్దగా రాదు. స్క్రీన్ మీద వచ్చే అక్షరాలని బొమ్మల్లా గుర్తుపెట్టుకునేవారు. ఆదివారం షాపు తెరవరు. చర్చిలో తబలా వాయించేవారు. పాటలెవరు తప్పు పాడినా వాయిద్యం ఆపకుండా వాళ్లకేసి ఒక చూపు చూసేవారట. ఆ చూపు నేనూ తిన్నాను, షాపులో.

నేను బొబ్బిలిలో పెళ్లిళ్లకి వీడియోలు తీస్తాను. నా లాప్‌టాప్ ఆటలాడే కుర్రాళ్ల కోసం తయారుచేసే రకం. పెళ్లి వీడియోలవాడికి అదెందుకని అడుగుతారు. ఎడిటింగ్‌కి అంత బలమైన మెషీనే కావాలి, మామూలువి మూడు నిమిషాల పాటకే చేతులెత్తేస్తాయి. మూడు కిలోల బరువు, లోపల రెండు ఫ్యాన్లు, కీల కింద ఎర్ర లైట్లు. మా ఆవిడ దాన్ని అమ్మోరి రథం అనేది. మా వైపు వీడియోగ్రాఫర్లు సగం మంది ఇవే కొన్నారు. కొని, వాటిని వాడకూడని పద్ధతిలో వాడారు. అది తర్వాత చెప్తాను.

మేష్టారి షాపులో ఆటల లాప్‌టాప్‌లు ఎప్పుడూ నాలుగైదు ఉండేవి. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లవి. చదువుకని ఇంట్లో నమ్మించి కొనిపించుకుని, మంచం మీద దుప్పటిలో పెట్టుకుని ఆడి, గాలాడక లోపలంతా ఉడకబెట్టేసి తెచ్చేవాళ్లు. ఒకసారి నేనుండగానే ఒక కుర్రాడిని ఆయన పావుగంట కడిగేశారు. "నీ బాబు దీన్ని సూసి నువ్వు పెద్ద ఇంజనీరువైపోతావనుకుంటన్నాడు. నువ్వేమో దుప్పట్లో తుపాకులు పేలుస్తన్నావు. సిగ్గుందేటిరా?" అన్నారు. ఆ కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఇంతలో వాడి తండ్రే వచ్చాడు, గజపతినగరం వైపు రైతు, కాళ్లకి ఇంకా మట్టి ఉంది. ఎందుకు పాడైందండీ అని అడిగాడు. మేష్టారు తలెత్తకుండా, "కరెంటు హెచ్చుతగ్గులు బావూ. పిల్లోడి తప్పేటీ లేదు" అన్నారు. తండ్రి ఎదురుగా ఆ కుర్రాడికేసి చూడను కూడా లేదు. ఆయన తిట్లన్నీ షట్టరు లోపలే. గడప దాటితే మన తప్పు ఆయనకి గుర్తుండేది కాదు.

ఇక ఆయన కాగితం సంగతి. ఎవరైనా హార్డ్‌డిస్కు పోతోందని వస్తే, ముందు లాప్‌టాప్‌ని ఆన్ చేయనిచ్చేవారు కాదు. పాత క్యాలెండరు కాగితాలు చిన్నముక్కలు కోసి డబ్బాలో పెట్టుకునేవారు. ఒక ముక్కా, ఒక పెన్సిలూ చేతికిచ్చి, "రాయి. ఇందులో నీకేటి కావాలో, ఏది ముందో వరసగా రాయి. పది రాస్తే ఐదు రావచ్చు. ఒకటే రావచ్చు. ఏదీ రాకపోవచ్చు. ఆ వరసలోనే తీస్తాను" అనేవారు.

చెప్పడానికి తేలిక. పోయే డిస్కు లోపల పళ్లెం మీద మచ్చలు పడతాయి. సూదిలాంటిది ఆ మచ్చల మీదుగా పోయినప్పుడల్లా దెబ్బ ఇంకా పెద్దదవుతుంది. అంటే అది ఇంకెంతసేపు బతుకుతుందో తెలీదు, బతికినంతలో ఏం తీసుకుంటావన్నది నీ ఇష్టం. అంతే. కానీ ఆ కాగితం పట్టుకున్న మనిషి ముఖం చూడాలి. ఒక రిటైరైన పెద్దమనిషి గంటన్నర కూర్చుని, రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఖాళీ కాగితం ఇచ్చేసి రేపొస్తానని వెళ్లిపోవడం నేను చూశాను. ఒకావిడ ఒక్క లైను రాసి, ఎవరికీ కనబడకుండా మడతపెట్టి ఇచ్చింది. తిట్టడానికి అంత నోరున్న మేష్టారు ఆ వరస మీద మాత్రం ఒక్క మాట అనేవారు కాదు. చదివి, చొక్కా జేబులో పెట్టుకుని, పనిలో పడేవారు.

నా వంతు హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు, వేసవిలో వచ్చింది.

ఆ మాఘమాసంలో భావనపాడులో ఒక పెళ్లి చేశాను. సముద్రమ్మీద వేటకెళ్లే కుటుంబం. పెళ్లికూతురి అన్న మనిషి సన్నగా ఉండి ఊరంతటికీ వినబడేలా నవ్వేవాడు. బ్యాండుమేళం ముందు గంటసేపు ఆడాడు. నా చేతిలో మైకు లాక్కుని చెల్లెల్ని ఏడిపించాడు. "సూడండొరే, ఇది అత్తోరింటికి ఎల్తన్నాది, ఇంక మా ఇంట్లో కూరలో ఉప్పు సరిపోతాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ కెమెరా వెనక నవ్వాను.

మర్నాడే నాకు బొబ్బిలి దగ్గర ఇంకో ముహూర్తం. మెమరీ కార్డులు నిండిపోయాయి. అందుకని మేమంతా చేసే పనే చేశాను. వ్యానులో వస్తూ, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా కార్డుల్లోది డిస్కులోకి ఎక్కించాను. ఎక్కాక కార్డులు చెరిపేశాను. ముహూర్తాల రోజుల్లో మా వాళ్లెవరిని చూసినా అదే పని. డిస్కు తిరుగుతున్నప్పుడు కుదుపు తగలకూడదని ఎవరికీ తెలీక కాదు. రేపటి పెళ్లికి కార్డులు కావాలి, అంతే.

నెల తిరిగింది. పెళ్లి వీడియో చేతికిచ్చేసరికి పెళ్లికూతురు తల్లయిపోతుందని మమ్మల్ని జనం ఏడిపిస్తారు, అది నిజమే. నేనింకా మొదలే పెట్టలేదు. అప్పుడు ఆ తల్లి ఫోన్ చేసింది. ఒడ్డుకి వస్తుంటే అలకి పడవ తిరగబడి కొడుకు పోయాడట. ఫోను కూడా వాడితోపాటే నీళ్లలో పోయింది. ఇంట్లో మిగతావన్నీ బటన్ ఫోన్లు. "ఫొటోలిచ్చినావు బాబూ, సూసుకుంటన్నాం. గాని ఫొటో మాటాడదు కదా. ఆడి నవ్వు ఇనాల. పెళ్లిది వేగిరం తీసుకురా బాబూ" అంది. రెండు వారాల్లో తెస్తానన్నాను. ఆ వారమే లాప్‌టాప్ నత్తలా తయారైంది. ఫైలు తెరవడానికి పది నిమిషాలు. తర్వాత నీలం తెర. తర్వాత లోపల్నుంచి టిక్కు, టిక్కు.

బొబ్బిలిలో రైలెక్కి మేష్టారి దగ్గరికి పరిగెత్తాను.

"ఎన్నిసార్లు ఆపి ఏసినావు?" అన్నారు.

"ఓ పదిసార్లు."

"పదా, ఇరవయ్యా?"

"ఇరవై ఉంటాయి."

"కాలిరిగినోడిని ఇరవైసార్లు లేపి నడిపించినట్టు. సరే. ఇంకేటి సేసినావు?"

"విండోస్ రిపేరు పెట్టాను. ఫ్రెండొకడు డిస్కుని ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు."

"పెట్టినావా?"

"లేదండి."

"బతికించినావు. ఇదేటి సేపా, ఫ్రిజ్‌లో పెట్టడానికి?"

డిస్కు విప్పి, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టారు. తన పాత కంప్యూటరుకి తీగ తగిలించి, షాపులో ఫ్యాను ఆపేశారు. ఆ అదురు కూడా దానికి తగలకూడదట. మూడు వేళ్లు దాని మీద ఆనించి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి, "ఒళ్లో ఎట్టుకుని బండిలో నడిపినావు కదూ" అన్నారు. నేను అవునన్నాను. ఆ చూపు అప్పుడు తిన్నాను. తర్వాత కాగితం ఇచ్చారు.

నేను ఆ కాగితం మీద ఏం రాశానో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా.

ఒకటి, పాప. రెండు, భావనపాడు పెళ్లి. మూడు, నాలుగు, వేరే పెళ్లిళ్లు.

మా పాప పుట్టిన రోజునుంచి పెద్ద కెమెరాతో తీసిన వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. బోర్లా పడటం, పాకడం, వసారాలో మొదటి అడుగులు. పాప ఇంట్లో నిక్షేపంలా ఉంది, రేపు మళ్లీ తీసుకోవచ్చు. ఆ కుర్రాణ్ణి మళ్లీ తీయలేం. ఇది అప్పుడు నాకు తెలీదని చెప్పుకోవడానికి లేదు. తెలుసు. తల్లి గొంతు చెవిలో ఉండగానే ఒకటి పక్కన పాప అని రాశాను. రెండూ వస్తాయిలే అనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు.

మేష్టారు చదివి జేబులో పెట్టుకున్నారు.

రెండు రోజులు పట్టింది. ఇరవై నిమిషాలు చదివించడం, ఆపడం, చల్లారనివ్వడం, మళ్లీ చదివించడం. నేనూ పక్కన కూర్చున్నాను. ఫ్యాను లేదు. ఇద్దరం చెమటతో ముద్దయిపోయాం. డిస్కు నడుస్తున్నంతసేపూ ఆయన మాట్లాడనిచ్చేవారు కాదు. దగ్గినా సైగ చేసేవారు.

రెండో రోజు మధ్యాహ్నం డిస్కు గట్టిగా రెండుసార్లు కొట్టుకుని మళ్లీ సర్దుకుంది. మేష్టారు చేయి ఎత్తి ఆపేశారు. నాకేసి తిరిగారు.

"ఇంకా ఒకటో నెంబరే అవుతన్నాది. సగం పైన వచ్చినాది. ఇది ఆపీసి రెండోది సూడమంటావా? నాకైతే దీని వాటం బాగా లేదు. సెప్పు."

ఆయన ఎవరినీ అలా అడగగా నేను వినలేదు. ఆ రెండోదేమిటో ఆయనకి తెలీదు, చాలా పెళ్లిళ్లలో ఒక పెళ్లి అనుకున్నారు. నేను మిగిలిన ఫైళ్ల పేర్లు చూశాను. పాప మొదటి అడుగులది ఇంకా రాలేదు.

"కానివ్వండి మేష్టారూ" అన్నాను.

అది వచ్చింది. ఒకటో నెంబరు మొత్తం వచ్చింది. రెండోదాని మీదకి వెళ్లేసరికి డిస్కు ఒక్కసారి గీరినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. ఆయన సాయంత్రం దాకా ప్రయత్నించారు. మర్నాడు కూడా. తీగ మార్చారు, సరిగ్గా అలాంటిదే ఇంకో డిస్కు వెతికి దాని కింద బోర్డు తీసి దీనికి పెట్టారు. పళ్లెం తిరగలేదు. మూడు వేళ్లూ దాని మీంచి తీసి, "అయిపోనాది" అన్నారు.

అప్పుడు చెప్పాను. ఆ పెళ్లి ఎవరిదో, ఆ అన్న ఏమయ్యాడో, తల్లి ఏమడిగిందో. చెప్తుంటే ఏడుపొచ్చింది. ఆయన తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆయన జేబులోంచి కాగితం తీసి ఒకసారి చూసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు.

"ముందే మీకు చెప్పుంటే..." అన్నాను.

"సెప్పినా నీ వరస నేను మార్సను. అది నీది." డిస్కుని తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టి, "రేపు ఎల్దాం. ఆవిడికి సెప్పాల కదా" అన్నారు.

మర్నాడు షాపు మూసి నాతో వచ్చారు. నౌపడలో రైలు దిగి, ఉప్పుమళ్ల మీదుగా ఆటోలో వెళ్లాం. నేను ఏం చెప్పాలో మనసులో పేర్చుకుంటున్నాను. ఆ తల్లి మమ్మల్ని చూడగానే చాప పరిచి, టీ పెట్టి, "తెచ్చినావా బాబూ?" అంది. నేను టీగ్లాసు అందుకున్నాను.

మేష్టారు టీగ్లాసు కింద పెట్టారు. "అమ్మా, ఈ బాబు బాగానే తీసినాడు. బాగానే నా సేతికిచ్చినాడు. నా సేతిలోనే పాడైపోనాది. తప్పు నాది" అన్నారు.

ఆమె ఆయన్ని తిట్టింది. ముసలాడివి, తెలీని పని ఎందుకు పెట్టుకున్నావంది. నా కొడుకు రెండోసారి పోయినాడంది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మొత్తం విన్నారు. నేను పక్కన టీ తాగాను. నిజంగా తాగాను. చల్లారిపోతుందని తాగాను. ఇప్పటికీ ఆ టీ తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

తిరిగొస్తుంటే, ఎందుకలా చెప్పారని అడిగాను.

"నీకు ఈ ఊర్లో ఇంకా పెళ్లిళ్లుంటాయి. నేను మళ్లీ రావాలేటి?" అన్నారు. అంతే. తర్వాత నాలుగేళ్లలో ఎన్నోసార్లు కలిశాం. నా లాప్‌టాప్‌కి లోపల పళ్లెం తిరగని రకం కొత్త డిస్కు వేసిపెట్టారు, ప్రతిదీ రెండుచోట్ల దాచడం నేర్పారు. ఆ రోజు మాట ఇద్దరం ఎత్తలేదు. భావనపాడు పెళ్లిళ్లు మాత్రం నేను మళ్లీ ఒప్పుకోలేదు. ఆయన నా కోసం కాపాడిన ఊరికి నేను మొహం చూపించలేకపోయాను.

ఫ్లెక్సీ చూసిన మూడో రోజు భావనపాడు వెళ్లాను. ఎందుకో ఆయన ఆ నింద మోసుకుని సమాధిలో ఉండటం నాకు పడలేదు.

తిత్లీ తుఫానుకి ఆ ఇంటి పైకప్పు పోయినట్టుంది, కొత్త రేకులు వేసి ఉన్నాయి. ఆమె గడపలో ఎండుచేపలు ఏరుతోంది. నన్ను పోల్చుకోలేదు. చెప్పాక పోల్చుకుని, "కూకో" అంది. మేష్టారు పోయారని చెప్పాను.

"అయ్యో, ఆ ముసిలాయనా?" అంది. చేపలు పక్కన పెట్టింది. "ఏడాదికోపాలి వచ్చీవోడు. ఇంకా సూస్తన్నానమ్మా, రాలేదమ్మా అని సెప్పి, కాసేపు కూకుని ఎల్లిపోయీవోడు. మొదట్లో తిట్టీదాన్ని. తరవాత నాకే జాలేసినాది."

నాకు తెలీదు. ఆ పాడైన డిస్కు ఆయన దగ్గరే ఉంచుకున్నారు కానీ, పారేసి ఉంటారనుకున్నాను.

మొత్తం చెప్పేశాను. వ్యాను, కాగితం, ఒకటో నెంబరు, మధ్యలో ఆయన అడగడం, కానివ్వండి అని నేననడం. తల ఎత్తకుండా చెప్పాను. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది. లేచి పొమ్మంటుందనుకున్నాను. దానికి సిద్ధపడే వెళ్లాను.

"ఏదీ," అంది. "నువ్వు దాసుకున్నాది. సూపించు."

నాకు అర్థం కాలేదు. "మీ గుంటది. అదే కదా ముందు తీయించినావు. సూపించు" అంది.

పాప వీడియో నా ఫోన్లో ఉంది. తీసి ఆమె చేతికిచ్చాను. మా వసారా, మా ఆవిడ గాజుల చప్పుడు, పాప గోడ వదిలేసి మూడడుగులు వేసి కూలబడటం, మళ్లీ లేవడం. ఆమె ఫోను కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఎన్నో నెల?"

"పదకొండమ్మా."

"మావోడు పదికే నడిసీసినాడు" అంది. "అదిగో, ఆ ఇసకలోనే."

వీడియో అయిపోయింది. ఫోను నాకిచ్చి, మళ్లీ పెట్టమంది.